రేడియోకి పెదాలుండవు

1968. విజయనగరంలో గంటస్తంభానికి రెండు సందుల అవతల మాకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు, మధ్యలో ఒక తెర. మా ఆయన రేడియోలు బాగుచేసేవాడు, పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. స్పీకర్ల పని నాది.

ఆడమనిషికి ఆ పనేమిటని చాలామంది అడిగేవాళ్లు. స్పీకరులో ఎక్కువగా చెడేది కోన్. కోన్ అంటే గరాటు ఆకారంలో ఉండే కాగితం. దాని మొదట్లో సన్నటి రాగితీగ చుట్ట ఉంటుంది, దాన్ని వాయిస్ కాయిల్ అంటారు. అది అయస్కాంతం మధ్య వెంట్రుకంత సందులో, ఎటూ తగలకుండా ముందుకీ వెనక్కీ ఆడాలి. కాస్త ఒరిగిందంటే పాటంతా జలుబు చేసిన గొంతులా బరబరలాడుతుంది. చిరిగిన కోన్ తీసి కొత్తది అతికించడానికి మెత్తటి చెయ్యి, ఓపిక కావాలి. మా ఆయనకి ఆ రెండూ తక్కువ. అలా ఆ పని నాకొచ్చింది.

అప్పటికి నాకు చదువు రాదు. స్పీకరు వెనక ముద్రించిన అంకెల్ని పోల్చుకోలేక, ఒక్కో రకానికి ఒక్కో రంగు దారం కట్టుకునేదాన్ని. అక్షరాలు నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. అప్పటిదాకా ఏ స్పీకరు ఎలాంటిదో చెవితోనే తెలుసుకున్నాను. ఆ చెవి మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ఆ రోజుల్లో చిన్న స్పీకరు పెట్టెలకి గిరాకీ మొదలైంది. రేడియో వెనక రెండు కన్నాలుంటాయి. వాటిలో వైరు పెట్టి ఇంకో పెట్టెకి కలిపితే, రేడియో ఒకచోట ఉన్నా పాట మరోచోట వినొచ్చు. దాన్ని ఎక్స్‌టెన్షన్ స్పీకర్ అనేవాళ్లం. పుస్తకాల బీరువాలోనో గోడగూట్లోనో పట్టేంత పెట్టె. వడ్రంగి చేత టేకుతో చేయించి, లోపల దూది కూరి, ముందు గుడ్డ బిగించి అమ్మేవాళ్లం. గరివిడి నుంచి వచ్చే ఒక ఇంజనీరుగారు వాటిని ‘హై-ఫై’ అనేవారు. అంటే ఏమిటి బాబూ అని అడిగితే, ‘ఉన్న శబ్దాన్ని ఉన్నట్టుగా వినిపించడం’ అని చెప్పారు. ఆ మాట నాకు నచ్చి, వచ్చినవాళ్లందరికీ నేనూ అదే చెప్పేదాన్ని.

బేరానికొచ్చినవాళ్లకి పెట్టెలు వినిపించడంలో ఒక పద్ధతి ఉంది. మూడు పెట్టెల్ని ఒకే వరసలో, ఒకే ఎత్తులో పెట్టాలి. ఒకే పాట మూడింట్లోనూ వినిపించాలి. ముఖ్యంగా మూడింటి శబ్దమూ ఒకే మోతాదులో ఉండాలి. ఏది కొంచెం గట్టిగా పలికితే అదే బాగుందనిపిస్తుంది మనిషికి. కొందరు దుకాణదారులు అమ్ముకోవాలనుకున్న పెట్టె దగ్గర వాల్యూమ్ మీట కాస్త తిప్పేస్తారు. మేం ఆ పని చేసేవాళ్లం కాదు.

వానాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే మొగుడూ పెళ్లాం వచ్చారు. ఆయన పేరు అసిరయ్య, ఆవిడ పేరు నూకాలు. ఆయనది కోటబొమ్మాళి దగ్గర పల్లె. పాతికేళ్లుగా జూట్ మిల్లులో మగ్గం మీద పని. యాభై దాటిన మనిషి, ఎర్రటి తువ్వాలు, నవ్వు మొహం. నేనేం అడిగినా టక్కున జవాబు చెప్పేవాడు.

సంగతంతా నూకాలే చెప్పింది.

“మాది వరస ఇల్లు సెల్లీ. పక్కింటికీ మాకూ ఒకటే గోడ. ఈయన రేడియో ఎట్టినాడంటే ఈది సివర దాకా ఇనబడాల. పక్కింట్లో బాలింత ఉన్నాది, పసిగుంట ఉలికులికి పడతంది. ఇంటాయన వొచ్చి సెప్పేసినాడు, రేడియో అయినా ఆపండి, ఇల్లయినా ఖాళీ సెయ్యండి అనీసి.”

“ఆపీమంటే నాను ఆపన్రా అన్నాను,” అన్నాడు అసిరయ్య నవ్వుతూ. “పగలల్లా మగ్గం రొద. ఇంటికొచ్చి రెండు మాటలు ఇనుకోవద్దేటి?”

జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలో ఒకప్పుడు వంత పాడేవాడట. సాయంత్రాలు రేడియోలో జానపద కార్యక్రమమో నాటకమో వస్తే ఆయనకి పండగే. ఉన్న సరదా అదొక్కటి. నూకాలు ఆలోచించిన ఉపాయం బాగానే ఉంది. చిన్న పెట్టె ఒకటి కొని, మంచం పక్క గూట్లో పెడితే, దగ్గరగా ఉంటుంది కాబట్టి తక్కువ శబ్దంతోనే వినొచ్చు. గోడ అవతలికి వెళ్లదు.

సరేనని మూడు పెట్టెలు వరసగా పెట్టాను. మొదటిది ఎనిమిది అంగుళాలది, గుమ్ముగుమ్ముమంటుంది. రెండోది ఆరంగుళాలది, మెత్తటి కోన్. ఎంత తక్కువ శబ్దంలోనైనా తేనెలా పలికేది. దాని కోన్ నేనే అతికించాను. మూడోది ఐదంగుళాలది. కోన్ గట్టి కాగితం. కీచుగా, ముక్కుతో మాట్లాడినట్టు పలికేది. ఇంజనీరుగారు దాన్ని విని “ఇది రేకు డబ్బా అమ్మా” అన్న దగ్గర్నుంచి మా ఇంట్లో దాని పేరు రేకుడబ్బాయే. దాన్ని అమ్మడానికి కాదు, ఎప్పుడూ వినిపించడానికే పెట్టేదాన్ని. దాని పక్కన రెండోది మరింత తియ్యగా అనిపించేది మరి.

పాట పెట్టి, శబ్దం బాగా తగ్గించి, ఒక్కోదానికి వైరు మార్చాను. రెండోది రాగానే నూకాలు మొహం విచ్చుకుంది.

“ఓలమ్మ, ఎంత కమ్మగా ఉన్నాదో!”

“బావా, నీకెలా ఉంది? వినిపిస్తోందా?” అని అడిగాను.

“బాగా ఇనిపిస్తంది అమ్మీ. రెండోదే ఇచ్చీ,” అన్నాడు.

తీసుకెళ్లారు. మంచి పెట్టె ఇచ్చానని ఆ పూటంతా నాకు సంబరంగా ఉంది.

పది రోజులకి నూకాలు గోనెసంచిలో పెట్టెతో తిరిగొచ్చింది. వర్షం పడుతోంది. అసిరయ్య లోపలికి రాకుండా బయట చూరు కిందే నిలబడ్డాడు.

“ఏమైందప్పా? కోన్ ఊడిందా?”

“పెట్టెకేటీ అవనేదు సెల్లీ. గొడవ తీరిపోయినాది. పక్కింటోలు సల్లగా ఉన్నారు. ఈయనే…” ఆవిడ గొంతు తగ్గించింది. “పెట్టె ముందర కూకుంటాడు, తలాడిస్తాడు. నిన్న నాటకం అయిపోయినాక కథేటి అనడిగితే సెప్పలేకపోయినాడు. పొద్దున్న లెగిసి, ఈ రేడియో ఎవుడికైనా అమ్మీవే, నాకింక ఒద్దు అన్నాడు. పదేళ్ల బట్టి ప్రేణంలా సూసుకున్న రేడియో. అమ్మీమంతన్నాడు సెల్లీ.”

ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు అర్థం కాలేదు. పెట్టె కలిపి చూశాను. తేనెలాగే పలికింది.

“ఆయన్ని లోపలికి పిలవండి” అని, మైకుసెట్టు కింద ఉన్న పీట తీయడానికి వంగి, అటు తిరిగే అన్నాను. “లోపలికి రా బావా. తడిసిపోతావు. ఇలా కూకో.”

జవాబు లేదు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలోకి వచ్చి, నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

“కోపమొచ్చినట్టుంది మా అసిరయ్యకి,” అన్నాడు మా ఆయన.

నేను పీట వేసి, ఆయన వైపు చూస్తూ “కూకో బావా” అన్నాను.

“కూకుంతాను అమ్మీ,” అని వెంటనే కూర్చున్నాడు.

నా మనసులో ఏదో తట్టింది. సొరుగులో వెతుకుతున్నట్టు మళ్లీ అటు తిరిగి, “బావా, టీ తాగుతావా?” అన్నాను. జవాబు లేదు. ఇటు తిరిగి అదే మాట అన్నాను.

“తాగుతాను, సక్కెర ఎక్కువెయ్యి,” అన్నాడు.

నూకాలు వైపు చూశాను. “అప్పా, బావకి చెవులు వినబడవా?”

“ఓసోస్, సెవుడేటి? మాటాడుతున్నాడు కాదేటి!” అంది. తర్వాత ఏదో మామూలు సంగతి చెప్పినట్టు, “మిల్లోలు అందరూ అంతే సెల్లీ. నోరు సూసి మాటాడుకుంటారు,” అంది.

అప్పుడు అసిరయ్యే చెప్పాడు. వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే, పక్కన మనిషి అరిచినా వినబడదట. అందుకని మిల్లులో చేరిన ఏడాదిలోపే ఎవడైనా పెదాలు చదవడం నేర్చుకుంటాడు.

“ఈ సివర నాను, ఆ సివర మా బామ్మర్ది. గొంతు ఎత్తకుండా పొద్దల్లా కబుర్లాడుకుంటాం. మేస్త్రీని తిట్టినా మేస్త్రీకి తెల్దు,” అని నవ్వాడు. నవ్వు ఆగాక నేల వైపు చూశాడు. “రేడియోకి పెదాలుండవు గదమ్మీ. అదే వొచ్చింది బాధ. శబుదం ఇనబడతాది. ఆ… ఊ… ఓ… అని మూలిగినట్టుంటాది. మాట తెల్దు. పెద్దగా ఎడితే అక్కడక్కడ ఓ ముక్క తగిలేది.”

“మరి ఆ రోజు బాగా వినిపిస్తోందన్నావు?”

“ఇనిపించింది. అది అబద్దం కాదు. దీని మొకం సూసినాను, ఎలిగిపోతంది. మంచి పెట్టే అయ్యుంతాది అనుకున్నాను.”

నేను ఆ రోజు అమ్మింది నా చెవులకి, నూకాలు చెవులకి. వినవలసిన మనిషిని అడిగాను కానీ, నా పెదాలు చూపిస్తూ అడిగాను.

మా ఆయన నన్ను పక్కకి పిలిచి, “ఒసే, ఇది మన చేతిలో పని కాదు. ఆస్పత్రికి వెళ్లమను. పెట్టె వెనక్కి తీసుకో,” అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ పెట్టె వెనక్కి తీసుకుంటే ఆ రేడియో మర్నాడే ఎవరింటికో వెళ్లిపోతుంది. ఒక్క పూట ఆగు మావా అన్నాను.

మైకుసెట్టు ఇంట్లోనే ఉంది. మైకు తీసుకుని వెనకగదిలోకి వెళ్లి, తెర వేసుకున్నాను. ముందుగదిలో పెట్టెల ఎదురుగా అసిరయ్యని కూర్చోబెట్టి, “పెట్టెలో ఏ మాట వినబడితే ఆ మాట పైకి చెప్పు బావా” అన్నాను. మా ఆయన వైర్లు మారుస్తాడు. వంటింట్లో కంటికి కనిపించినవే చెబుదామనుకున్నాను.

ముందు తేనె పెట్టె.

“కత్తిపీట,” అన్నాను మైకులో.

తెర అవతల్నుంచి అసిరయ్య, “అత్త… పీట? అత్త పీటేసిందా?”

మా ఆయన కిసుక్కున నవ్వాడు.

“సీపురు.”

“ఈ ఊరా? నాది ఈ ఊరు కాదమ్మీ. కోటబొమ్మాళి దగ్గర.”

ఈసారి నూకాలు కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ, ఈ, ఊ లాంటివన్నీ ఆయనకి అందుతున్నాయి. క, చ, స, ప లాంటివి జారిపోతున్నాయి. మాటకి ఎముకలవే కదా. ఎముకల్లేని మాటలు వింటున్నాడు ఈ మనిషి. అప్పట్లో నాకు అక్షరాల పేర్లు తెలియవు కాబట్టి, అది ఇలా చెప్పుకోలేకపోయాను. చెవికి మాత్రం తెలిసింది.

ఎనిమిదంగుళాల పెట్టె పెట్టించాను. ఇంకా దారుణం. ‘సింతపండు’ అంటే, “బండా? ఏ బండి?” అన్నాడు. అది లావు శబ్దాన్ని పెంచి, ఉన్న కాస్త మాటనీ ముంచేసింది.

“మావా, మూడోది పెట్టు,” అన్నాను.

“ఒసే, ఆ డబ్బానా? మనం అది ఇచ్చామని ఊళ్లో తెలిస్తే పరువు పోతాది.”

“పెట్టు మావా.”

పెట్టాడు. నేను మైకు నోటికి దూరంగా పట్టుకుని, మామూలు గొంతుతో, “గంపకింద కోడి” అన్నాను.

“గంపకింద కోడి,” అన్నాడు అసిరయ్య.

నేను వాల్యూమ్ ఇంకా తగ్గించమన్నాను.

“సీపురు.”

“సీపురు! ఇందాకా సీపురేనేటి?”

“పచ్చిసేపలు.”

“పచ్చిసేపలు. ఏ సేపలు? అడుగు, అడుగు, ఇంకేటైనా సెప్పమ్మీ!”

వంటింట్లో సరుకులు అయిపోయాయి నాకు. అప్పుడు నూకాలు తెర తీసుకుని లోపలికొచ్చింది. నా చేతిలోంచి మైకు తీసుకుంది. మైకు వైపు కోపంగా చూసి, పొలంలో మనిషిని కేకేసినట్టు కాకుండా, పక్కన కూర్చున్నవాడితో అన్నట్టు మెల్లగా అంది:

“నిన్న కూర మాడిపోయినాది నీ వల్లే. రేడియో కాడికి రా, రా అని నన్ను పిలిసినావు.”

ముందుగదిలోంచి వెంటనే జవాబొచ్చింది.

“నువ్వు ఎప్పుడు మాడ్సనేదు గనక? మొన్న పప్పు కూడా నావల్లే మాడినాదేటి?”

నూకాలు మైకు నా ఒళ్లో పెట్టి, తెర వైపు చూస్తూ నిలబడింది. మొహం చూపించకుండా మొగుడితో తగువాడి ఎన్నేళ్లయిందో ఆవిడకే తెలియాలి.

కష్టం ఇంకా మిగిలే ఉంది. రేడియో పెట్టి వినిపిస్తే నూకాలు రెండు చెవులూ మూసుకుంది. “సూదెట్టి గుచ్చినట్టున్నాది సెల్లీ. ఇది ఇంట్లో ఎలా బరించడం?” ఆవిడ మాటా నిజమే. ఆ పెట్టెలో పాట వింటే నాకూ పళ్లు పులిసేవి.

మర్నాడు సాయంత్రం ఆ మూడో పెట్టె పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. గూట్లో లోపలికి నెట్టి పెడితే ఏ పెట్టెకైనా గుమ్మనే మోత వస్తుంది. అందుకని గూటి అంచు మీదకి లాగి పెట్టాను. మంచం మీద కూర్చుంటే ఆయన కుడిచెవికి సరిగ్గా మూరెడు దూరం. రేడియోకి టోన్ కంట్రోల్ అని ఒక మీట ఉంటుంది. సన్నటి శబ్దాల్ని తగ్గించి గొంతు మెత్తబరచడానికి. అందరూ దాన్ని సగానికి తిప్పి ఉంచుకుంటారు. దాన్ని పూర్తిగా తెరిచేశాను. వాల్యూమ్ ఎంత తక్కువకి దింపానంటే, గుమ్మం దగ్గర నిలబడ్డ నూకాలుకి ఈగ జుమ్మన్నట్టుంది.

“నాకు ఇనబడ్డమే నేదు,” అంది.

“వార్తలు సదువుతున్నాడు. వొంశధారకి నీరొచ్చిందంట,” అన్నాడు అసిరయ్య, మాకు వీపు పెట్టి.

నేను గోడకి చెవి ఆనించాను. పక్కింట్లో పసిగుంటని ఊపుతున్న ఉయ్యాల కిర్రుమనడం ఒక్కటే వినిపించింది.

దసరా ముందు నూకాలు ఒకసారి దుకాణం ముందు నుంచి వెళ్తూ ఆగింది. ఎలా ఉంది పెట్టె అంటే, “ఏటి పెట్టో, నాకు సూదులే,” అని మూతి తిప్పింది. మళ్లీ నాలుగడుగులు వెనక్కొచ్చి చెప్పింది. “ఇన్నాళ్లూ రేడియోలో నాటకం వొస్తే నా మొకం సూసి నవ్వీవోడు సెల్లీ. నాను నవ్వితే తనూ నవ్వీవోడు. మొన్న నాకంటే ముందు నవ్వినాడు. ఏటయినాదో నాకు తెల్దు. సెప్పమని నానే అడిగినాను.”

తర్వాత ఇరవై ఏళ్లు ఆ దుకాణంలో పెట్టెలు అమ్మాను. ఇంజనీరుగారు చెప్పిన హై-ఫై మాట తప్పని అనను. ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు వినిపించాల్సిందే. కానీ ఆ శబ్దం చివరికి చేరేది ఒక చెవికి, ఏ రెండు చెవులూ ఒకటి కావు. అందుకని వినిపించే పద్ధతి కొంచెం మార్చాను. ఇంట్లో ఎంత శబ్దంతో వింటారో అంతతోనే వినిపించేదాన్ని. కొనేవాళ్లతో కాకుండా వినేవాళ్లతో మాట్లాడేదాన్ని. వాళ్లని అటు తిరిగి కూర్చోమనేదాన్ని.

ఒక్క ప్రశ్న అడగడం మాత్రం పూర్తిగా మానేశాను. “ఇనిపిస్తోందా?” అని అడిగితే సిగ్గుతోనో మర్యాదతోనో, పక్కవాళ్ల మొహం చూసో, ప్రతి మనిషీ అవుననే అంటాడు. ఆ తర్వాత నేను ఎవరినైనా అడిగింది ఒకటే: “ఏటి ఇనిపించింది?”